తెచ్చినవాడి మాట

నాయుడుపేటలో ఎక్కిన నెల్లూరు బస్సులో, పక్క సీటు పెద్దామె తన కొడుకు ఆస్పత్రి కాగితం నా చేతికిచ్చి చదవమంది. తొడ ఎముక విరిగింది. కారణం: మోటారుసైకిల్ జారి, తనంతట తనే పడ్డాడు.

చదివి చెప్పగానే ఆమె గొంతు బస్సంతా వినిపించింది. "జారలేదు నాయనా! రొయ్యల లారీ ఎనకనించి గుద్దింది. ఆస్పత్రికి తెచ్చింది ఆ లారీ డ్రైవరే. వాడు చెప్పిందే రాసుకున్నారు. బిడ్డకు తెలివొచ్చినాక ఒక్కరన్నా అడిగినారా?"

కాగితం పై వరుసలోనే ఉంది: తీసుకొచ్చినవారు, లారీ డ్రైవరు. బైకు దానంతట అదే జారితే లారీ డ్రైవరు ఎక్కడినుంచి వచ్చాడని ఏ ఒక్కడికీ తోచలేదు! నాకు ఒళ్లు మండిపోయింది.

ఇలాంటి కాగితాలు చూసి, గాయానికీ దాని కారణానికీ కంప్యూటర్లో కోడ్ నంబరు వేయడమే నా ఉద్యోగం. అనుమానం వస్తే డాక్టరుకు రాసి అడగొచ్చు. ఆలస్యమవుతుందని నేనెప్పుడూ అడగలేదు. ఆ పై వరుస అసలు చదివేవాణ్నే కాదు. అలా "జారి పడ్డాడు" అని ఎందరికి కోడ్ వేశానో!

గూడూరులో దిగబోతూ ఆమె అడిగింది. "నువ్వేం పని చేస్తావు నాయనా?"

"కంప్యూటర్ పని," అన్నాను.