గొడవ తర్వాత ఆదిత్యపూర్‌లో మా చెల్లి ఇడ్లీ బండి

విశాఖలో పెద్దొదిన మోకాళ్లు ఎలా ఉన్నాయి? బొబ్బిలి తమ్ముడికి షుగర్ తగ్గిందా? పార్వతీపురం కోడలికి ఆ పొడిదగ్గు పోయిందా? ఇది చదివే మిగతావాళ్లూ కులాసా అనే అనుకుంటాను. నాకు మాత్రం గుండెదడ తగ్గలేదు. మా చెల్లెలు నర్సమ్మ ఇక్కడ మాకు ఏటి అవతల ఆదిత్యపూర్‌లో ఒక ఫ్యాక్టరీ గేటు ముందు ఇడ్లీ బండి పెట్టుకుని బతుకుతోంది. ఆ గేటు దగ్గరే గొడవలయ్యాయి. బండి తీయించేసి, చెల్లిని మా ఇంటికి తెచ్చేసుకోవాలని బయలుదేరాను.

ఉదయం ఆరింటికి మా బాగ్‌బేరాలో షేర్ ఆటో ఎక్కాను. జుగ్‌సలాయి మీదుగా ఖర్కాయ్ ఏటి వంతెన దాటించి ఆటోవాడు ముప్పై రూపాయలు తీసుకున్నాడు. "అందర్ నహీ జాయేంగే, మాజీ. గాడీ ఫూంక్ దియా తో?" అన్నాడు. లోపలికి రాడట; ఆటో తగలబెడితే పాపం వాడేం తింటాడు? దిగి నడిచాను. దారిలో ఒక షెడ్డు కాలి నల్లగా నిలబడి ఉంది.

"ఎందుకొచ్చినావప్పా ఈ రోజుల్లో?" అంటూనే నర్సమ్మ స్టూలు వేసింది. అసలేం జరిగిందని అడిగాను.

"ఫేక్టరీకి ఆర్డర్లు తగ్గిపోనాయి. ఠేకేదారు, అదే కాంట్రాక్టరు, పాతోళ్లని మానిపించీసి, తక్కువ కూలికొచ్చీవోళ్లని తెచ్చినాడు. ఆడి మీద సెయ్యెత్తడానికి ఎవలికీ దమ్ము నేదు, ఆళ్లలో ఆళ్లే కొట్టుకున్నారు. ఒక కుర్రోడు సచ్చిపోనాడప్పా. ఈ బెంచీ మీదే తినీవోడు. షెడ్డు కాలిపోనాక పాతోళ్లకీ పని నేదు, కొత్తోళ్లకీ నేదు."

అంతలో చేతికి కట్టుతో ఒక పాత పనివాడు వచ్చాడు. బెంచీ మీద ఇద్దరు కొత్తవాళ్లను చూసి కూర్చోలేదు.

"పిన్నీ, ఈళ్లకి కూడా పెడతన్నావేటి?"

"నువ్విచ్చిన నోటు ఎవల జేబులోంచి వచ్చిందో నానెప్పుడైనా అడిగినానేటి? తింతే తిను, నేకపోతే ఎల్లు."

అతను ప్లేటు తీసుకుని, వాళ్లకు వీపు పెట్టి నిలబడే తిన్నాడు. ఆ తర్వాత ఇంకెవరూ రాలేదు. మిగిలిన ఇడ్లీలు మధ్యాహ్నం మేమే తిన్నాం.

"సర్దెయ్ నర్సమ్మా, మా ఇంటికి పోదాం," అన్నాను. అది ప్లేట్లు కడుక్కుంటూ కూర్చుంది. సాయంత్రం గేటు కాపలావాడు వచ్చి, రేపు ఒక షిఫ్టు నడుస్తుందట, ఎవరిని తీసుకుంటారో మాత్రం తెలియదని చెప్పి వెళ్లాడు. నర్సమ్మ మినప్పప్పు డబ్బా ముందుంచుకుని నా వైపు చూసింది.

"ఎంత పొయ్యమంతావప్పా?"

ఇడ్లీకి ముందురోజే పప్పు నానాలి. రేపు మనుషులు వస్తారన్న నమ్మకం లేనిదే ఎవరు నానబోస్తారు? కూలి తగ్గించి మనిషిని మనిషి మీదికి ఎగదోసినవాడి పొయ్యి మాత్రం ఆరలేదు. ఆరేవన్నీ ఇలాంటి పొయ్యిలే. ఈ ఒక్కటీ నా చేత్తో ఆర్పడానికా నేను వచ్చింది? నర్సమ్మ గిన్నెలో పోసిన పప్పు మీద నేనే ఇంకో గ్లాసు పోశాను. భయం పోయి కాదు, భయపడుతూనే.

మీలో ఎవరైనా అటు వెళ్తే పొద్దున్నే వెళ్లి, వెలుతురుండగానే వంతెన ఇవతలికి వచ్చేయండి. చీకటి పడితే ఆటోలు దొరకవు; ఆ సాయంత్రం నేను ఒక్కదాన్నే వంతెన దాకా నడిచి ఇంటికి చేరాను. ఆ గ్లాసు పప్పు ఇడ్లీలు అమ్ముడుపోయాయో లేదో నర్సమ్మ ఫోన్లో చెప్పడం లేదు, వచ్చి చూడమంటోంది. వచ్చే గురువారం పొద్దున్నే మళ్లీ వెళ్తున్నాను.