మంత్రిగారి రాయి

రెజిమెంటల్ బజార్‌లో దేవానందం అంటే రాళ్ల మీద అక్షరాలు చెక్కే మనిషి. శంకుస్థాపన ఫలకాలూ ఆయనే, సమాధి పలకలూ ఆయనే. ఎంత పెద్దమనిషైనా చివరికి ఆయన ఉలి కిందికి రావలసిందే మరి! చెక్కడం అయ్యాక భార్య జ్ఞానమణి కళ్లు మూసుకుని వేళ్లతో అక్షరాలు తడిమేది. లోతు చాలని చోట గోటితో తట్టి చూపించేది.

ఆ జ్ఞానమణే మంచం పట్టింది. "నా రాయి నేను తడిమి చూసుకొని పోతనయ్యా. దేవుడే రాజు అని చెక్కు, చాలు," అని అడిగింది.

"మంత్రిగారి శంకుస్థాపన రాయి అర్జెంటు. అది అయినంక నీది షురూ చేస్తా," అన్నాడు దేవానందం. పోయేముందు మనిషి అడిగితే ఇవ్వాల్సిన జవాబేనా అది? ఇచ్చాడు, ఏం చేస్తాం! ఎనిమిది రోజులు మంత్రి పేరు చెక్కాడు. తొమ్మిదో రోజు ఆమె పోయింది. నెల తిరక్కుండానే మంత్రిగారి పదవి ఊడింది. ఆ రాయి తీసుకుపోయే నాథుడే లేడు.

మంచి నల్లరాయి. పారేయడానికి పనివాడికి ప్రాణం ఒప్పుతుందా? తిరగేసి, వెనకవైపు నున్నగా చేసి, భార్య అడిగిన మాటే చెక్కాడు. మంత్రి పేరున్న వైపు మట్టికి ఆనించి ఆమె సమాధి మీద పరిచాడు. కింద ఏముందో ఎవరు చూడొచ్చారు!

అప్పుడు మొదలైంది ఆయన పరేషాన్. ఆదివారం ఆరాధన అయ్యాక సమాధుల తోటలో కూర్చుంటే, రాతి కింద గోటితో గీరిన చప్పుడు. జ్ఞానమణి తడుముతోంది. తనది కాని పేరును ఒక్కో అక్షరమే తడుముతోంది. ఆయనకు భయమేసేది, అంతకు మించి సిగ్గేసేది.

ఆమె పోయి ఏడాదైనందుకు పెట్టే ప్రార్థన కూడిక రేపనగా, వాన వెలిశాక కూతురు ప్రేమమణిని వెంటబెట్టుకుని వెళ్లి గడ్డపారతో రాయి లేపాడు. కింద తడిమట్టిలో మంత్రి పేరు తిరగబడి, ఉబ్బెత్తుగా అచ్చుపడి ఉంది. సరిగ్గా ఆమె గుండెల మీద!

దేవానందం మోకాళ్ల మీద కూలబడ్డాడు. "నీకన్న ముందు వీనికి చెక్కిన గదనే, జ్ఞానమణీ!" అని భోరుమన్నాడు. ఏడుస్తూనే అరచేత్తో ఒక్క తుడుపు తుడిచాడు. ఎనిమిది రోజులు చెక్కిన పేరు బురదైపోయింది. అయినా ఆయన తుడుస్తూనే ఉన్నాడు.

"ఏం చేస్తున్నవ్ నాయినా?" అంది ప్రేమమణి బెదిరిపోయి.

"గద్దె దించుతున్న బిడ్డా. దేవుడుండే జాగల వీన్ని కూసోబెట్టింది నేనే."