పోర్ట్ క్లాంగ్‌లో పోయిన ఆట

పోర్ట్ క్లాంగ్ నుంచి క్వాలా సెలంగోర్ వెళ్ళే బస్సులో నేను ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే, పక్క సీటు పెద్దాయన చెవి రిక్కించాడు. "మనోళ్ళేనా బాబూ?" అన్నాడు. కిటికీ పక్కన ఆయన మనవరాలు, మోకాళ్ళ నిండా బురదతో కూచుంది. కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో డిఫెండరట. అవతలి కాలేజీ మైదానంలో ఓడిపోయి వస్తున్నారు.

ఓడిన వాళ్ళను ఓదార్చడం నాకు చేతకాదు. ఎలా ఓడారని అడిగేశాను.

"ముందోళ్ళు బాగానే ఆడినారు లా. ఎనకంతా కాళీ," అన్నాడాయన, ఇక్కడి మలయ్ వాళ్ళ తీరులో మాట చివర 'లా' చేరుస్తూ. "మా రబ్బరు ఎస్టేట్ టీము పైఊరెళ్తే, మేం బయట నిలబడి తెలుగులో అరిసీవోళ్ళం. అవతలోళ్ళకి ఒక్క ముక్క తెలిసేది కాదు. ఇయ్యాలా అరిసినాను, 'ఎనక సూడే, మనిసొస్తంది!' అని. మెచ్చుకుంటన్నానని ఈ పిల్ల అనుకున్నాది లా. నవ్వుతా నాకు సెయ్యూపినాది. అంతలో గోలు పడిపోనాది."

ఏదో ఒకటి అనాలి కదా అని ఆ అమ్మాయిని, "దెబ్బలేమైనా తగిలాయా అమ్మా?" అని పలకరించాను.

ఆమె తాత వైపు చూసింది. ఆయన నా ప్రశ్నను ఆమెకు మలయ్ భాషలో చెప్పాడు.