సారమ్మత్త రొట్టె చెయ్యని నెల

మా చిన్నప్పుడు... నెల మొదటి ఆదివారం తెల్లారేసరికి సారమ్మత్త ఇంట్లోంచి మైదా రొట్టె కాలే వాసన వచ్చేది. ఆ పూట చర్చిలో ప్రభువు బల్ల... ఏసు పేరున అందరూ రొట్టె ముక్క, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన. రొట్టె చెయ్యడం అత్త పని... ఆ పళ్ళెం పట్టుకుని అందరికీ పంచడం మా నాయన పని.

అత్త నాయనకు అక్క. తల్లి పోతే ఆయన్ని చంకనేసుకుని పెంచింది. నాయన చర్చి సంఘ పెద్ద, జువ్వలదిన్నె దగ్గర మా పాలెంలో సొంత పడవ ఉన్న మనిషి. వేటకు పోయి వస్తే మొదటి వంజరం చేప పాస్టరు గారింటికే. అందుకే ఊరందరికీ ఆయన దేవుడి మనిషి. ఆయన ప్రార్థన చేస్తే వినేవాళ్ళకు ఏడుపొచ్చేది...

ఇంట్లో ఏడుపు వేరు.

ఒక శనివారం పొద్దున నాయన చిరిగిన వలతో వచ్చాడు. అన్నం చల్లారిందని కంచం విసిరికొట్టాడు. అమ్మ వంగి మెతుకులు ఎత్తుతుంటే, గోడకు ఆనించిన పడవ తెడ్డు తీసుకున్నాడు. మొదటి దెబ్బ వీపు మీద. రెండోది అడ్డం పెట్టిన చేతి మీద... ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. అమ్మ అరవలేదు. నేను అరిచాను. నన్ను జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చాడు.

సాయంత్రం పాస్టరు గారూ, చర్చివాళ్ళు కొందరూ వచ్చారు. "ఏమైంది పాపా అమ్మకి?" అని నన్నే అడిగారు. నాయన పక్కనే నిలబడి ఉన్నాడు. "మెట్ల మీంచి పడింది" అన్నాను. పాస్టరు గారు తలూపి, అమ్మ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

మా ఇంటికి మెట్లు లేవు. ఇసుకలోంచి నేరుగా గడపలోకి అడుగు పెట్టడమే. ఆ సంగతి ఆమెన్ అన్న ప్రతివాళ్ళకూ తెలుసు.

వాళ్ళు పోయాక అత్త వచ్చింది. అమ్మ చేతి కట్టు చూసింది. "తప్పు చేసినావురా. ఒప్పుకో" అంది నాయనతో. "నీ ఇంటికి నువ్వు పో" అన్నాడు. పోయింది.

మర్నాడు నెల మొదటి ఆదివారం. చర్చిలో బల్ల మీది తెల్లగుడ్డ తీస్తే పళ్ళెం ఖాళీ.

"రొట్టేది సారమ్మా?" అన్నారు పాస్టరు గారు.

"చెయ్యలేదయ్యగారూ. ఆ చేత్తో పంచేటట్టయితే ఇంగ చెయ్యను."

కావలికి పోయి బేకరీ బ్రెడ్డు తెద్దామని వెనకనుంచి ఎవరో గొణిగారు...

"తెచ్చుకోండి" అంది అత్త. "మా మరదలు చెయ్యి ఎట్ట విరిగిందో ఎవరన్నా ఒకరు నోరు తెరిచి చెప్పి, తినండి."

నాయన లేచాడు. నాలుగంగల్లో వచ్చి అందరి ముందూ ఆమె దవడ మీద కొట్టాడు. అత్త బల్ల మీద పడింది. గ్లాసులు పగిలి ద్రాక్షరసం తెల్లచీర మీదంతా పడింది. పెదవి చిట్లింది. నెత్తురేదో రసమేదో తెలియలేదు. ఒక్కరూ కదల్లేదు. నాయన మళ్ళీ చెయ్యెత్తాడు.

అత్త ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది... పిల్లలకు నడక నేర్పేటప్పుడు పట్టుకున్నట్టు.

"వీళ్ళంతా నిన్ను మంచోడంటా నీ చేపలు తింటా ఉండారు. నేను నిన్ను పెంచినాన్రా. నువ్వు పాడైపోతా ఉంటే బాగుండావని ఎట్ట చెప్పేది?"

నాయన అక్కడే కూలబడ్డాడు.

ఆ తర్వాత మూడు నెలలు మా చర్చిలో బల్ల లేదు. నాయన చివరి వరసలో కూర్చునేవాడు. అత్త రోజూ వచ్చి ఆయన పక్కన కూర్చుని అన్నం తినేది, కానీ మాట మాత్రం మార్చలేదు. నాలుగో నెల రొట్టె చేసి ముందు మా ఇంటికి తెచ్చింది. అమ్మ వంకరగా అతుక్కున్న చేత్తో బియ్యం చెరుగుతోంది.

"నువ్వు చెప్పమ్మీ. బల్ల మీద పెట్టేదా?"

అమ్మ చెరగడం ఆపలేదు. "ఈ నెల వద్దొదినా" అంది.

అత్త రొట్టె తీసుకుని వెనక్కి పోయింది. వాకిట్లో ఉన్న నాయన అంతా విన్నాడు. లోపలికొచ్చి అమ్మ చేతిలోంచి చేట అందుకున్నాడు. ఐదో నెల అమ్మ తలూపింది.

మళ్ళీ చెయ్యెత్తలేదని అబద్ధం చెప్పను. ఒకసారి ఎత్తాడు... అత్త ఇంటివైపు చూసి దించుకున్నాడు.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. నేనిప్పుడు గూడూరులో ఉంటున్నాను, చర్చిలో పాటలు పాడతాను. పోయిన ఆదివారం చర్చికి ఆలస్యం చేసిందని నా కూతుర్ని అట్లకాడతో కొట్టాను. మోచెయ్యి వాచింది. గంట తర్వాత చర్చి లైవ్‌లో పాడాను. వీడియో కింద ఎన్ని హార్టులో, ఎన్ని 'ఆమెన్ సిస్టర్'లో...

చెయ్యి ఏమైందని చర్చిలో ఎవరో పాపని అడిగారు. "మెట్ల మీంచి పడ్డాను ఆంటీ" అంది.

మేముండేది గ్రౌండ్ ఫ్లోరు.

ఇప్పుడు మా చర్చికి రొట్టె ప్యాకెట్లో వస్తుంది... చెయ్యనని మానేసే మనిషే లేదు. మీ ఇంట్లో సారమ్మత్తలాంటి వాళ్ళుంటే వాళ్ళ గురించి రాయండి. లేకపోతే నన్ను తిట్టండి. బాగా రాశావని మాత్రం అనకండి.