సరంగు మావ, గోడమీది మాట

పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున్న, విశాఖపట్నంలో మా ఆఫీసు మెట్లు ఎక్కుతుండగా అత్త ఫోన్ చేసింది. ఆడపిల్లను మా వైపు పిలిచే పిలుపుతోనే, "గుంటా, మీ మావ ఎల్లిపోనాడే" అంది. గొంతులో ఏడుపు కూడా లేదు. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు జేరబడ్డ మనిషి అలాగే ఉండిపోయాడట. రెండుసార్లు పిలిచి, పలక్కపోతే దగ్గరికి వెళ్లి చూసిందట. నేను ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. పైకి వెళ్లేవాళ్లు నన్ను తప్పుకుంటూ వెళ్లారు.

ఆయన మా అమ్మకు అన్న. కళింగపట్నం దగ్గర మా ఊళ్లో అందరికీ సరంగు. సరకు ఓడల్లో డెక్కు మీద పనిచేసే ఖలాసీలకు పెద్దను సరంగు అంటారు. చేపల వేటకు వెళ్లే ఇంట్లో పుట్టి, ఇరవై ఏళ్లకే ఓడెక్కి, ముప్ఫై ఏళ్లకు పైగా సముద్రాల మీదే గడిపాడు.

సెలవు మీద ఇంటికొచ్చినా ఓడ అలవాట్లు పోయేవి కావు. మంచినీళ్ల గ్లాసు బల్ల అంచున ఉంటే లోపలికి జరిపేవాడు. లేవగానే ముందు ఆకాశం చూసి, ఆ తర్వాతే మొహం కడుక్కునేవాడు. పెళ్లి పందిరికి రాట ఎత్తాలన్నా, పడవను ఒడ్డుకు లాగాలన్నా, ముందు ఒక్కొక్కరినీ "నువ్వెక్కడ నిలబడతావు?" అని అడిగేవాడు. అది తేలేదాకా తాడు ముట్టుకోనిచ్చేవాడు కాదు. తెగిన తాడు మనిషిని ఏం చేస్తుందో ఆయన చూశాడని మాకు తెలుసు. వివరం ఎప్పుడూ చెప్పలేదు. ఆయన ఎడమ చేతి చిటికెన వేలు సగమే ఉండేది. మేమూ అడగలేదు.

మావ చదువు ఐదో తరగతితో ఆగింది. ఇంగ్లీషు మాత్రం ఓడలో అన్నం తింటూ నేర్చుకున్నాడు. నిజంగానే. మెస్ గదిలో, అంటే ఓడలో పనివాళ్లంతా భోంచేసే గదిలో, ఆయన కూర్చునే చోటికి ఎదురుగా కంపెనీ వారి విజన్ స్టేట్‌మెంట్ అద్దం ఫ్రేములో వేలాడేది. మా సంస్థ ఎలా ఉండాలనుకుంటోంది, దేనికి కట్టుబడి ఉంది అని పెద్ద అక్షరాల్లో రాసి, కింద యజమాని సంతకం. ఆ గదిలో తినే ఇరవైమందిలో దానివైపు చూసినవాళ్లు లేరు. మావ మాత్రం మూడు పూటలా దాన్నే చూస్తూ తినేవాడు. వడ్డించే వంటాయన కేరళ మనిషి, నాలుగు ముక్కలు చదువుకున్నవాడు. ఆయన్ని రోజుకొక మాట అడిగేవాడు. ఆరు నెలలకు మొత్తం చదవడం వచ్చింది. అర్థం కావడానికి ఇంకో ఆరు నెలలు పట్టిందని ఆయనే చెప్పేవాడు.

సెలవులకు వచ్చినప్పుడు చిన్నపిల్లలమైన మా అందరినీ వరండాలో కూర్చోబెట్టి దాన్ని అప్పజెప్పేవాడు. తర్వాత తెలుగులో చెప్పేవాడు. అందులో రెండు వాక్యాలు నాకు ఇప్పటికీ గుర్తు. మా బలం మా మనుషులే. సముద్రం మీద ఏ ప్రాణాన్నీ సరకుకన్నా తక్కువగా చూడము. ఆయన ఇంగ్లీషు విని మేం మొహాలు పక్కకి తిప్పుకుని నవ్వుకునేవాళ్లం.

ఆ మాటలతో ఆయనకు ఒకసారి పనిపడింది. ఆ సంగతి నాకు చాలా ఏళ్లకు, నేను షిప్పింగు కంపెనీలో ఉద్యోగంలో చేరాక చెప్పాడు.

ఓడ నడిసముద్రంలో ఉండగా వంటాయనకు కడుపునొప్పి మొదలైంది. రెండో రోజుకు ఒళ్లు కాలిపోతోంది. మెలికలు తిరిగిపోతున్నాడు. ఓడలో డాక్టరు ఉండడు. సరకు దించాల్సిన రేవు ఇంకా ఐదు రోజుల దూరం. దారి మార్చుకుంటే ఒకటిన్నర రోజులో వేరే రేవు ఉంది. కేప్టెన్ ఒడ్డునున్న కంపెనీ ఆఫీసుకు కబురు పెట్టాడు. ఉన్న మందులు వాడండి, ప్రయాణం ఆపకండి అని జవాబొచ్చింది. దారి మార్చే హక్కు కేప్టెన్‌కు ఎలాగూ ఉంటుంది. అయినా ఆయన మార్చలేదు.

"సెడ్డోడు కాదే. బయపడినాడు" అన్నాడు మావ. "ఆయనకీ పిల్లలున్నారు, ఆయనకీ ఉజ్జోగం గావాల."

మావ మెస్ గదిలోకి వెళ్లి ఆ ఫ్రేమును గోడమీంచి దించాడు. భుజం మీది తువ్వాలుతో అద్దం తుడిచి, పట్టుకుని పైకి, ఓడ నడిపే గదిలోకి ఎక్కాడు. సరంగు పిలవకుండా అక్కడికి వెళ్లడం మామూలు సంగతి కాదు. కేప్టెన్ ముందు మ్యాపుల బల్లమీద దాన్ని పెట్టి నిలబడ్డాడు. ఏమన్నావు మావా అని అడిగితే, అప్పుడు హిందీలో అన్నది నాకు మన మాటల్లో చెప్పాడు.

"బాబూ, ఇది మన కంపెనీవోల్లు రాసిందే. ఈ మాట నిజమేనా, గోడకి అందంగా ఉంటాదని పెట్టినారా, ఒక్కసారి ఆల్లని అడగండి. నాను అడిగితే పలకరు. మీరడిగితే పలుకుతారు."

కేప్టెన్ ఆ ఫ్రేమును దగ్గరికి లాక్కుని మొదటినుంచి చివరిదాకా చదివాడట. ఓడెక్కిన దగ్గర్నుంచీ రోజూ దాని పక్కనుంచే నడిచిన మనిషి. తర్వాత ఆ రెండు వాక్యాలనూ ఉన్నవి ఉన్నట్టు టైపు చేసి, కింద ఒక ప్రశ్న జోడించి ఆఫీసుకు పంపాడు. ఈ మాట ఈ ప్రయాణానికి వర్తిస్తుందో లేదో దయచేసి రాతలో తెలియజేయగలరు. రెండు గంటల్లో జవాబొచ్చింది. దారి మార్చండి. అక్కడి ఆసుపత్రిలో ఏర్పాట్లు మేం చూస్తాం.

వంటాయన బతికాడు. ఇంకొక్క పూట ఆలస్యమై ఉంటే కష్టమయ్యేదని డాక్టర్లు అన్నారట.

"ఆఫీసువాళ్లకు సిగ్గేసి ఉంటుంది మావా" అన్నాను నేను.

"సిగ్గేటి? గేపకం వొచ్చింది. మనిసి మరిసిపోతాడే. అందుకే గదా రాసుకున్నాది" అని, మళ్లీ తనే, "ఆ మాట రాసినోడెవడో నాకు తెల్దు. ఆడు రాయకపోతే, ఆ పొద్దు నా సేతిలో ఏటుంటాది?" అన్నాడు.

ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో చెప్పాలంటే నా ఉద్యోగం గురించి చెప్పాలి. కంపెనీ తరఫున ప్రకటనలు, నోటీసులు, పండగ శుభాకాంక్షలు రాయడం నా పని. ఎవరూ చదవని మాటలు రాసే ఉద్యోగం అని నాలో నేను అనుకునేదాన్ని. రెండేళ్ల కిందట మా సంస్థకు కొత్త విజన్ స్టేట్‌మెంట్ తయారైంది. మన ఖలాసీల కోసం, యార్డు పనివాళ్ల కోసం దాన్ని తెలుగు చేయమన్నారు. చేసి, ఆదివారం ఊరికి వెళ్లినప్పుడు మావకు చూపించాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

కళ్లజోడు పెట్టుకుని పైకే చదివాడు. "సుస్థిర సముద్ర రవాణా పరిష్కారాల ద్వారా భాగస్వాములందరికీ విలువను సృష్టించే అగ్రగామి సంస్థగా..." అక్కడ ఆగాడు. కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడిచాడు.

"బాగున్నాది. దీంట్లో పట్టుకోడానికి ఏటున్నాదే?"

"పట్టుకోవడమేమిటి మావా?"

"ఒంట్లో బాగోనోడున్నాడనుకో. ఆడి తోటోడు ఈ కాయితం పట్టుకుని కేప్టెన్ కాడికి ఎల్తే, ఏ మాట మీద ఏలు పెడతాడు?"

కాగితం అంతా వెతికాను. వేలు పెట్టే చోటు దొరకలేదు.

తిరుగు బస్సులో, హైవే ఎక్కాక, కాగితం వెనక ఒక వాక్యం రాసుకున్నాను. ఓడలో ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా, ఓడ దారి మార్చుకుంటుంది. ఆ వారం సమావేశంలో దాన్ని చదివాను. మా డైరెక్టరు పెద్దాయన, మాట తూచి మాట్లాడే మనిషి. "అమ్మా, ఇది విజన్ కాదు. మాటివ్వడం. రేపెవరైనా దీన్ని పట్టుకుని మనల్ని నిలదీస్తే?" అన్నారు.

"నిలదియ్యడానికేనండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇంక ఈ ఉద్యోగం ఉండదేమో అనుకుంటూనే వంటాయన కథ మొత్తం చెప్పాను. ఎవరో చిన్నగా దగ్గారు. డైరెక్టరు మాత్రం నా కాగితం అడిగి తీసుకుని, పెన్ను తీసి, నా వాక్యం కొట్టేశారు. అంతా అయిపోయిందనుకున్నాను. ఆ కిందనే ఆయన మరొకటి రాశారు. ప్రాణాపాయంలో ఓడ దారి మార్చే నిర్ణయం కేప్టెన్‌ది, ఆ నిర్ణయానికి సంస్థ ఎప్పుడూ అండగా నిలుస్తుంది.

ఆ వాక్యంతో అచ్చయిన కాగితం ఒకటి మావకు తీసుకెళ్లాను. నా వాక్యం పోయిందన్న దిగులు నాకింకా ఉంది. ఆయన రెండుసార్లు చదివాడు.

"నీ మాటకన్నా ఇదే బాగున్నాది" అన్నాడు.

"ఎందుకు?"

"నువ్వు ఓడకి సెప్పినావు. ఆయన కేప్టెన్‌కి సెప్పినాడు. బయపడీవోడి బయం తీసినాడు గదే." ఆ తర్వాత, ఇంట్లో ఉన్న అత్తకు వినబడేలా, "మన గుంట రాసిందే ఇది" అన్నాడు. నేను రాయలేదని చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపేశాడు.

ఆ రోజు తర్వాత నా పనిని నేను చులకనగా మాట్లాడుకోలేదు. రాసిన ప్రతి నోటీసునూ, దీంట్లో పట్టుకోవడానికి ఏముంది అని ఒకసారి చూసుకుంటాను. చాలాసార్లు ఏమీ ఉండదు. మళ్లీ రాస్తాను. నాకు ఈ పని నేర్పింది ఏ కాలేజీ కాదు. ఈ మాట ఆయన ఉండగా ఆయనతో అనలేదు. అంటే, "ఊరుకో, అన్నం తిను" అనేవాడు.

మంగళవారం మధ్యాహ్నానికి నేను ఊరు చేరేసరికి వరండా నిండా మనుషులు. మావ కింద ఓడల్లో పనిచేసినవాళ్లు ఉద్దానం వైపునుంచి కూడా వచ్చారు. పాడె ఎత్తే ముందు, ఎవరూ చెప్పకుండానే, ఎవరెక్కడ పట్టుకోవాలో ఒకరికొకరు మెల్లగా చెప్పుకున్నారు. కేరళకు అత్తే ఫోన్ చేయించింది. మావ కింద పనిచేసినవాడొకడు వంటాయనకు హిందీలో కబురు చెప్పి, ఫోన్ అత్త చేతికిచ్చాడు. అత్తకు ఆయన భాష రాదు, ఆయనకు అత్త భాష రాదు. ఫోన్ మాత్రం పెట్టేయలేదు. అత్త దాన్ని చెవి దగ్గర పట్టుకుని అలాగే కూర్చుంది.

మూడో రోజు సాయంత్రం నేను బయలుదేరుతూ అత్త కోసం పెరట్లోకి వెళ్లాను. తీగ మీద మావ పొందూరు పంచె వేలాడుతోంది. ఆయన పోయిన రోజు పొద్దున్న తనే ఉతికి ఆరేసుకున్నది. మూడు రోజుల ఎండకూ సముద్రపు గాలికీ అట్టలా బిగుసుకుపోయింది. "అత్తా, తీసి మడత పెట్టనా?" అన్నాను.

అత్త దగ్గరికొచ్చి, ఆ గుడ్డ అంచు రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూసింది.

"తడి ఇంకా ఆరనేదే. ఉండనీ" అంది.