రక్తానికి బొట్టు పెట్టి పిలిచిన అత్త

మా మేనత్త గత సోమవారం తెల్లవారుజామున పోయింది. నిద్రలోనే మూర్ఛ వచ్చింది. మాత్రలు ఏనాడూ మానలేదు, అయినా ఆగలేదు.

మందస దగ్గర మా ఊళ్లో ఆమె జబ్బు తెలియనివాళ్లు లేరు. వయసులో కుదిరిన సంబంధం ఆ సంగతి బయటపడ్డాకే తప్పిపోయింది. తర్వాత పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. పలాసలో జీడిపప్పు పనికి చేరిన రోజే పక్కవాళ్లకు చెప్పేసింది: "నాకు ఫిట్సొత్తాయి. సేతిలో తాళాలెట్టకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, సాలు." ఎందుకు చెప్పావంటే, "తడిపప్పు మూట కడితే బూజు పడతాది. మాటా అంతే" అనేది.

మా నాయనమ్మకూ ఇదే జబ్బు. ఇప్పుడు మా అన్నయ్య కూతురికీ వచ్చింది. మూర్ఛ కుటుంబాల్లో ఎలా దిగివస్తుందో పరిశోధిస్తున్న డాక్టరమ్మ ఒకరు రక్తం అడిగారు. మందు దొరుకుతుందని మాటివ్వలేదు. అత్త వెంటనే చెయ్యి చాపింది. ఆమె తమ్ముడు, మా బాబాయి, అడ్డుపడ్డాడు. ఆయనకు పెళ్లీడు కూతురుంది.

"నీ ఒక్కదాని రగతం కాదప్పా అది. రేపు నా పిల్లని ఎవుడు సేసుకుంటాడు?"

డాక్టరమ్మ దాచలేదు. జన్యువు ఉన్నంత మాత్రాన మూర్ఛ రావాలని లేదన్నారు. కానీ ఒకరి రక్తంలో తేలింది తోబుట్టువుల గురించీ, వాళ్ల పిల్లల గురించీ కొంత చెబుతుందన్నారు. అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అయితే అందర్నీ అడగాల."

అడగడానికి పెళ్లిపిలుపు పద్ధతే పట్టింది. డాక్టరమ్మ వచ్చి మాట్లాడే రోజుకు రమ్మని, కుంకుమ భరిణెతో మావాళ్ల ఇంటింటికీ వెళ్లింది.

"పెళ్లి కానిదానివి, బొట్టెట్టి పిలుత్తావేటే?" అని ఎదురింటి ముసలమ్మ ఎకసెక్కమాడింది.

"నా పెళ్లికి పిలిసే పని నీకు తప్పించాను గదే. దీనికైనా పిలవనీ."

బాబాయి గుమ్మంలోనే ఆపాడు. ఆయన వెనక నుంచి కూతురు వచ్చి నుదురు చూపింది.

"వత్తానత్తా. రగతం ఇత్తాను. ఏటి తేలిందో నేనడిగేదాకా నాకు సెప్పొద్దు. నాన్నకీ సెప్పొద్దు."

"ఎప్పటికీ అడక్కపోతే?"

"అడగను."

"అదీ నీ ఇట్టమే," అంది అత్త, బొట్టు పెడుతూ.

అత్త పోయేనాటికి ఇంకా రెండిళ్లు మిగిలాయి. మైల తీరేదాకా బొట్టు పిలుపు కూడదు. ఇక్కడితో ఆపేద్దామని నిన్న కొందరన్నారు. బాబాయి కూతురు ఒప్పుకోలేదు. బాబాయి లేచి, అత్త గూట్లోని భరిణె తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు.

శుక్రవారం పెద్దకర్మ. శనివారం పొద్దున్న ఆ పిల్ల మిగిలిన రెండిళ్లకూ వెళుతుంది. ఆదివారం డాక్టరమ్మ వస్తారు, అత్త అరుగు మీదికి.