కాగితం చుట్టిన హాకీ కర్ర

మొన్న మా మనవడు కంప్యూటర్‌లో ఆటలాడుకోవడానికి కొత్త కంట్రోలర్ కొనుక్కొచ్చాడు. కొన్నది కొన్నట్టే వాడుకుంటాడనుకున్నాను గాని, ఆ సాయంత్రమే దాన్ని విప్పి, బొటనవేళ్లు ఆనేచోట పొట్టి మీటలు బిగించి, చెమటకు జారకుండా పక్కలకు గరుకు పట్టీలు అంటించి, "పట్టుకొని చూడు తాతా, చేతుల ఎట్ల కూసుంటదో" అని నాకిచ్చాడు. ఆ గరుకు అరచేతికి తగలగానే ఎందుకో వెన్నులో చలి పుట్టింది. కారణం తెలియని భయాన్ని ఒప్పుకునే అలవాటు నాకు లేదు కనుక కాసేపు కూర్చుని వెతికాను. అది దొరికింది తార్నాక రోడ్డు మీద, అరవైల చివర.

నాన్నకు యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం కావడంతో కడప నుంచి వచ్చి తార్నాకలో అద్దెకు దిగినవాళ్లం మేము. నేను క్యాంపస్‌లో ఎం.ఏ. చదువుతూ, చర్చావేదికల మీద దేవుణ్ణీ దయ్యాన్నీ ఒక్క ఊపులో ఖండిస్తూ, మిగిలిన పొద్దంతా హాకీ ఆడేవాణ్ణి. అంతకాలం జట్టు వాళ్ల పాత కర్రలతోనే ఆడి, చివరికి సికింద్రాబాద్ వెళ్లి నాదంటూ ఒక కొత్త కర్ర కొనుక్కున్నాను. అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి దిష్టి తీస్తానంటే, చెక్కకు దిష్టేమిటని పెద్ద ఉపన్యాసమిచ్చి, నేరుగా హాస్టల్లో ఉన్న మిత్రుడి గదికి పట్టుకుపోయాను. నావి పొట్టి వేళ్లు. అందుకని గాజుపెంకుతో పిడిని గీకి సన్నం చేసి, సైకిల్ ట్యూబు పేలికలు చుట్టి, పైన గుడ్డ టేపు బిగించి, అవిసెనూనె పట్టించి ఆరబెట్టాను. ఆ కాలంలో ఆడినవాళ్లకు తెలుసు, అలా చేస్తేగాని కర్ర మనది అయ్యేది కాదు.

ప్రత్యేక రాష్ట్రం కావాలని విద్యార్థులు రోడ్డెక్కిన రోజులవి. నేను కర్ర తీసుకుని హాస్టల్ నుంచి ఇంటికి బయల్దేరే వేళకు బస్సులు ఆగిపోయాయి, ఎక్కడో రాళ్లు పడుతున్నాయని కబురొచ్చింది. చేతిలో కర్రతో పోలీసులకు కనబడితే అల్లరిమూక అంటారు, నోరు తెరిస్తే విద్యార్థులు పరాయివాడంటారు. వాళ్ల కోరికలో న్యాయముందని వేదిక మీద వాదించినవాణ్ణే, కాని రోడ్డు మీద నా వాదన కంటే ముందు నా యాస వినబడుతుంది. ఆలోచించి ఆలోచించి, కర్రకు ఈ చివర నుంచి ఆ చివరకు వార్తాపత్రికలు చుట్టి పురికొస కట్టాను. దాస్తే ప్రమాదం తప్పుతుందనుకున్నాను. తర్కం చదివినవాడు చేసిన పని అది!

తార్నాక చౌరస్తా ఇంకా కొంచెం దూరముందనగా ఒక గుంపు అడ్డం వచ్చింది.

"ఏయ్, ఆగు. ఏందది, తల్వారా?"

కత్తి కాదన్నట్టు నేను తల అడ్డంగా ఊపాను.

"నోట్ల నాలుక లేదా? అరె, మూగోడురా!" అని ఒకడు నవ్వాడు. ముందున్న పొడుగాటివాడు మాత్రం నవ్వకుండా మూట లాక్కుని పురికొస తెంపాడు. అతడు కర్రను బయటికి తీసి, పిడి మీద వేళ్లు ఆడించి, ఒకసారి గాలిలో తిప్పి చూశాడు.

"పట్టు సన్నగ గీసుకున్నవు. ఫార్వర్డ్ ఆడ్తవా?"

తలూపాను.

"ఏ ఊరు నీది?"

ఇక మూగతనం సాగదు. అబద్ధం చెప్పాలన్నా ఆ అబద్ధాన్నీ నా యాసలోనే చెప్పాలి. "కడప" అన్నాను. గుంపు కొంచెం దగ్గరికి జరిగింది. నేను కళ్లు మూసుకున్నాను.

"జరుగుండ్రి, ఆటగాడు" అంటున్నాడు పొడుగాటివాడు. కర్ర తిరిగి నా చేతిలో పెట్టి, "గిట్ల దాసిపెట్టుకొని పోతె పోలీసోళ్లు గూడ తల్వారనే అనుకుంటరు. భుజమ్మీద ఏస్కొని సీదా పో, ఎనకకు సూడకు" అన్నాడు.

అలాగే పోయాను. చౌరస్తాలో జీపు పక్కనున్న పోలీసులు కర్రను చూశారు, నన్ను చూశారు, ఊరుకున్నారు. ఎవరూ నా మీద చెయ్యి వేయలేదు. అయినా ఇల్లు చేరేవరకు వీపంతా దెబ్బ కోసం కాచుకునే ఉంది.

అమ్మ గేటు బయటే నిలబడి ఉంది. నన్ను చూడగానే వీధంతా వినబడేలా, "యాడికి పోయినావురా? పొద్దుగూకినా రాకపాయ, నా పానాలు పైనే పోయినాయి!" అని ఏడుపందుకుంది. నేను అటూ ఇటూ చూసి, "మెల్లగా మాట్లాడమ్మా" అన్నాను. ఆమె సగం మాటలో ఆగిపోయింది.

ఆ రోజు నుంచి నా మాట మారడం మొదలైంది. ముందు అంగట్లో, తర్వాత క్లాసులో, చివరికి ఇంట్లోనూ. లేని దయ్యాలకు భయపడకండని జీవితమంతా జనానికి చెప్పాను గాని, నన్ను కొట్టని ఆ దెబ్బ భయం మాత్రం నాలోనే కాపురముండిపోయింది. ఇప్పుడు తార్నాకలో నన్ను ఏ ఊరని అడిగేవాళ్లు లేరు, అడిగినా అందులో బెదిరింపు లేదు. నేను నిర్భయంగా మా కడప మాట మాట్లాడుకోవచ్చు. కాని అమ్మ పోయింది, తిరిగి అదే మాటలో జవాబిచ్చేవాళ్లు ఈ ఇంట్లో లేరు. ఒంటరిగా ఉన్నప్పుడు నేను ప్రయత్నిస్తే, నాటకంలో వేషగాడు పలికినట్టుంటోంది.